అడగకూడనిది అడిగిన మనిషి

పోయిన గురువారం సాయంత్రం ఇప్పుడు పనిచేస్తున్న కాలేజీ నుంచి ఇంటికి వస్తుంటే బందరు బస్టాండు దగ్గర ఫోన్ మోగింది. గుడివాడ అవతల నేనొకప్పుడు పనిచేసిన చేపపిల్లల హేచరీలో వలలు లాగే ఆడవాళ్ళకి మేస్త్రిగా ఉండే ఆవిడ. ఏడెనిమిదేళ్ళ తర్వాత ఆ గొంతు విన్నాను. అక్కడ చేపలకి సూదులేసే పెద్దాయన పోయారని, ముందురోజే అవనిగడ్డ దగ్గర వాళ్ళ ఊళ్ళో భూస్థాపితం కూడా అయిపోయిందని చెప్పింది. "మీకు చెప్పాలనిపించిందమ్మా," అంది. ఎందుకనిపించిందో తను చెప్పలేదు, నేను అడగలేదు. ఆ రోజు ఆ షెడ్డులో తను కూడా ఉంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన బతికుండగా ఒకసారి ఆ పేరెత్తి ఓనరుగారి గదిలో నేనొక మాట చెప్పాను. ఆ ఒక్కసారి చాలు.

అప్పటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు. బందరులో బీయస్సీ జువాలజీ చదివి గుడివాడ కోడలిగా వెళ్ళాను. మా ఆయనది కరెంటాఫీసులో ఉద్యోగం. ఇంట్లో మేమిద్దరం, అత్తగారు. ఆడపడుచు కాపురం పక్క వీధిలోనే, రోజుకోసారైనా వచ్చి వెళ్ళేది. చదివిన చదువు మరిచిపోకుండా ఉంటుందని హేచరీలో చేరాను. తల్లిచేపల్ని తూయించడం, ఏ చేపకి ఎంత మందు ఎక్కించారో రిజిస్టరులో రాయడం నా పని. మందు ఎక్కించేది ఆయన.

బక్కపల్చటి మనిషి. అరవై దాటాయి. మోకాళ్ళ పైకి కట్టిన గళ్ళ లుంగీ, పైన మాత్రం మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకున్న తెల్ల చొక్కా. నడుము లోతు నీళ్ళలోకి దిగినా ఆ చేతులు మడిచేవారు కాదు. తడిసిన చొక్కా చేతులు ఒంటికి అంటుకుపోయి రోజంతా అలాగే ఆరేవి. సీజన్ మొదలైతే తలకి నూనె ఉండదు, ఒంటికి సబ్బు ఉండదు. చేతికి పరాయి వాసన ఉంటే చేప బెదిరిపోతుందనేవారు.

మనుషులతో ఆయనకి మంచీ మర్యాదా తక్కువ. ఎవరి నీడైనా తొట్టి మీద పడితే చేతిలో ఉన్న తడి తువ్వాలు విసిరికొట్టేవారు. వలలు లాగే ఆడవాళ్ళు ఆయన్ని చూసి గాజుల చప్పుడు కూడా కాకుండా నడిచేవాళ్ళు. కానీ చేపల్ని మాత్రం గారు అనేవారు. పది కిలోల బొచ్చెచేపని తడిగుడ్డలో పొదివి పట్టుకుని, పొట్ట మీద వేళ్ళ వెనకవైపుతో మెల్లగా రాసి చూసి, "ఈవిడగారు ఇవాళ సిద్ధంగా లేరు. దింపేయండి," అనేవారు. నేను ఆ బరువు రాసి, పక్కన 'సిద్ధంగా లేదు' అని రాసేదాన్ని. సిద్ధంగా ఉందంటే సూది రెక్క అడుగున పెట్టి, దించే క్షణంలో కళ్ళు మూసుకునేవారు. చూసుకోకుండా ఎలా వేస్తారని అడిగితే తర్వాతి చేపని తెమ్మన్నారు.

ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆయన తలెత్తేవారు కాదు. నాతో మాట్లాడినా చూపు రిజిస్టరు మీదో తూకం ముల్లు మీదో ఉండేది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నేను గుర్తుంచుకోలేదు.

చేరిన మొదటివారంలోనే నాకు పరీక్ష పెట్టారు. తల్లిచేప కడుపు నిండా గుడ్లున్నాయి కదా, చెరువులో తనంతట తను ఎందుకు పెట్టదని. పిట్యూటరీ గ్రంథి గురించి పుస్తకంలో చదివిందంతా అప్పజెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అది కింద కూర్చునే గుమాస్తా అమ్మా. ఆర్డరేసే ఆఫీసరు పైనున్నాడు," అన్నారు.

ఆయన చదివింది పదో తరగతి. ప్రభుత్వ చేపల ఫారంలో ఫీల్డ్‌మేన్‌గా ఇరవై ఏళ్ళపైన పనిచేసి రిటైరయ్యారు. అక్కడ ఒక సైంటిస్టు మేడమ్ ట్రైనింగు క్లాసులు చెబుతుంటే మందుల పెట్టె పట్టుకుని వెనక నిలబడి విన్నదే ఆయన చదువు. మెదడు అడుగున గుప్పెడు కణాలుంటాయట. గుడ్డుకి, వీర్యానికి సంబంధించిన ఆజ్ఞ పుట్టేది వాటిలోనే. అయితే అవి సొంతంగా ఏమీ తేల్చవు. చుట్టూ ఉన్న మిగతా కణాలు రసాయనాలతో వాటికి కబుర్లు పంపిస్తూ ఉంటాయి. నీళ్ళు పారుతున్నాయా, వెలుగెంతుంది, తిండి దొరుకుతోందా, భయమేమైనా ఉందా, అన్నీ కబుర్లే. కొన్ని కానివ్వమంటాయి, కొన్ని ఆగమంటాయి. నిలవనీళ్ళ చెరువులో ఆగమనే కబురే గట్టిగా వినిపిస్తుంది. దాని పేరు డోపమీన్. మేం వేసే సూదిలో రెండున్నాయి. ఒకటి ఆఫీసరు సంతకం లాంటిది. రెండోది ఆ డోపమీన్ నోరు నొక్కేది.

"మనం గుడ్లు పెట్టించం అమ్మా. అడ్డం తీస్తాం, అంతే," అన్నారు.

ఒకసారి ఓనరుగారు వచ్చి, కృత్తివెన్ను రైతులు చేపపిల్ల కోసం తొందర పెడుతున్నారు, మిగిలిన ఆడచేపలన్నిటికీ ఆ సాయంత్రమే సూదులు వేసేయమన్నారు. ఈయన ఒక్కొక్కటీ పట్టి చూసి మూడింటిని పక్కన పెట్టారు. ఓనరుగారు వాటికి కూడా వేయమన్నారు. ఈయన సిరంజి తీసి ట్రేలో పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. షెడ్డులో ఎవరూ కదల్లేదు.  చివరికి ఓనరుగారే వెళ్ళిపోయారు. ఉద్యోగం పోతుందేమోనని భయం వేయలేదా అని తర్వాత అడిగాను. "నాక్కాదు, ఆవిడకి భయం. ఒంటిమీద పొలుసు బిగుసుకుపోయింది, చూళ్ళా?" అన్నారు.

అలాంటి మనిషి దగ్గర ఒక సీజను పూర్తిగా పనిచేశాను. రెండో సీజను మొదలయ్యేనాటికి నాకు నా గొడవ పట్టుకుంది.

అయిదు నెలలుగా నాకు నెలసరి సరిగ్గా లేదు. మొదట ఆలస్యమైంది, తర్వాత మానేసింది. రెండుసార్లు ఆశపడి పరీక్ష చేసుకున్నాను. కాదంది. అత్తగారు గుళ్ళో మొక్కారు, నాకు చెప్పకుండా. అది కూడా భరించగలిగాను. జూన్‌లో ఒకరోజు స్నానానికి వెళ్ళి చూసుకుంటే రవిక లోపల తడి. నొక్కితే పాలు. గర్భం లేదు, బిడ్డ లేదు, పాలు మాత్రం ఉన్నాయి. తలుపు గడియ వేసుకుని ఎంతసేపు నిలబడిపోయానో తెలియదు.

ఎవరికీ చెప్పలేదు. రవిక లోపల గుడ్డ మడత పెట్టుకుని పనికి వెళ్ళేదాన్ని. ఒక ఆదివారం ఆడపడుచు దండెం మీద బట్టలు తీస్తూ ఆ మరకలు చూసింది. ఇద్దరు పిల్లల తల్లి, తనకి చూడగానే తెలుస్తుంది. లోపలికి వచ్చి మెల్లగా అడిగింది, పెళ్ళికి ముందు ఏమైనా జరిగిందా అని. అరిచి అడిగుంటే నేనూ అరిచేదాన్ని. తను గొంతు తగ్గించి, ఆడదాని కష్టం ఆడదానికి తెలుస్తుందన్నట్టు అడిగింది.

ఆ సాయంత్రం మా ఆయన గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చున్నారు. "నిజం చెప్పు. నేనేమీ అనను," అన్నారు.

ఏమీ లేదని చెప్పాను. ఆయన తలూపారు. ఆ తలూపడంలో నమ్మకం ఎంతుందో నాకు అంతు చిక్కలేదు.

గుడివాడలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. రక్తపరీక్షలో ప్రొలాక్టిన్ అనే పాల హార్మోను చాలా ఎక్కువుందన్నారు. మెదడులో పిట్యూటరీ దగ్గర చిన్న వాపులాంటిది ఉన్నా ఇలా అవుతుందని, స్కాన్ తీయించాలని రాశారు. మందులేమైనా వాడుతున్నావా అని ఆవిడ అడిగింది. లేదన్నాను. ఇంటికి వచ్చేసరికి అది తలలో గడ్డ అయిపోయింది. అత్తగారు ఆ మాట నమ్మలేదు, నమ్మకుండానూ ఉండలేదు. పెదపారుపూడిలో ఉన్న వాళ్ళ అన్నయ్యకి కబురు పెట్టారు. వచ్చే ఆదివారం ఆయన వస్తారు, కూర్చుని మాట్లాడతారు. ఏం మాట్లాడతారో ఎవరూ నాకు చెప్పలేదు. సోమవారం స్కాన్.

ఆ మధ్యలో వచ్చిన గురువారం. తెల్లవారుజామునే తొట్ల దగ్గర పని మొదలైంది. తొమ్మిదింటికి కాస్త తెరిపి దొరికితే షెడ్డులో బల్ల మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని, తినేముందు వేసుకునే గ్యాస్ మాత్ర సంచిలోంచి తీశాను. అంతకు ముందేడాది చివర్లో, వేళ తప్పి తిని బస్సుల్లో తిరిగి కడుపులో మంట, వాంతులు పట్టుకుంటే మందుల షాపులో ఇచ్చారు. హాయిగా ఉందని అప్పటినుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మానకుండా మింగేదాన్ని. అయిపోతే నేనే వెళ్ళి తెచ్చుకునేదాన్ని. అది నా లెక్కలో మందు కాదు.

సూదులేసే పెద్దాయన చేతులు కడుక్కోవడానికి అటు వచ్చి ఆగారు. "ఏంటమ్మా అది?" అన్నారు. గ్యాస్‌కి అన్నాను. చేయి చాచారు. ఎందుకో ఇచ్చాను. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, మాత్రల అట్టని వెలుతురుకి అటూ ఇటూ తిప్పి, వెనక సన్నటి అక్షరాలు పెదవులు కదుపుతూ చదివారు. ఎన్నాళ్ళనుంచి వేసుకుంటున్నావన్నారు. ఆర్నెల్లు దాటిందన్నాను.

ఆయన తలెత్తి నా మొహంలోకి సూటిగా చూశారు. ఏడాదిలో అదే మొదటిసారి.

"నెలనెలా అవుతోందా నీకు?"

నాలుగడుగుల దూరంలో వలలు దులుపుతున్న ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. నా చెవులు మండాయి. అట్ట ఇచ్చేయమని చేయి చాచాను. ఇవ్వలేదు. ఇంకో అడుగు ముందుకేసి, గొంతు తగ్గించి, "పాలొస్తున్నాయా?" అన్నారు.

ఆ మాటతో నాకు ఒక్కటే తోచింది. మా ఇంటి సంగతి ఊరు దాటి హేచరీ దాకా వచ్చేసింది. ఆడపడుచు ఎవరికో చెప్పింది, వాళ్ళు ఇంకెవరికో చెప్పారు, చివరికి ఈ ముసలాయన పదిమందిలో నన్ను నిలదీస్తున్నాడు. ఆయన ఇంకేదో చెప్పబోతున్నారు. వినలేదు. డబ్బా అక్కడే వదిలేసి నేరుగా ఓనరుగారి గదికి వెళ్ళాను. ఆ పెద్దాయన పేరు చెప్పి, నాతో అసహ్యంగా మాట్లాడారన్నాను. ఏమన్నారో నా నోటితో చెప్పలేనన్నాను.

ఓనరుగారు ఆడపిల్లలున్న మనిషి. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిప్పించి ఆయన్ని పిలిపించారు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డారు. తడిచిన లుంగీ అంచు నుంచి నీళ్ళు గచ్చు మీద పడుతున్నాయి. అమ్మాయితో రెండు నిమిషాలు మాట్లాడనివ్వండని అడిగారు. ఓనరుగారు కుదరదన్నారు. "ఆ అమ్మాయిని నువ్వేమడిగావు? ఇక్కడే చెప్పు," అన్నారు.

ఆయన నా వైపు చూశారు. నేను తల తిప్పుకున్నాను. 

"అడగకూడనిది అడిగానండి," అన్నారు.

అంతే. ఎందుకడిగారో చెప్పలేదు. ఓనరుగారు ఇంక రావద్దన్నారు. సీజను మధ్యలో, తొట్ల నిండా తల్లిచేపలుండగా, ఆయన తన గదిలోంచి సంచి తెచ్చుకుని మోపెడ్‌కి కట్టుకున్నారు. నేను కిటికీలోంచి చూశాను. ఆ క్షణంలో నాకు కలిగింది జాలి కాదు. ఒక్కరైనా నా తరఫున శిక్ష పడ్డవాళ్ళు దొరికారన్న తృప్తి. ఇది రాయడానికి కష్టంగానే ఉంది.

సాయంత్రం రిజిస్టరు మూసేద్దామని బల్ల దగ్గరికి వెళితే, ఆ రోజు పేజీలో నా మాత్రల అట్ట ఉంది. దాని పక్కన, చేపలకి వేసే సూదిమందు పెట్టెలో వచ్చే కాగితం. రెండిటి మీదా ఒకే మాట కింద బాల్‌పెన్నుతో గీత గీసి ఉంది. డాంపెరిడోన్. కింద వంకర అక్షరాలతో, 'చేపలో అడ్డం తీసేదే ఆడమనిషిలో అడ్డం పెడుతుందని మేడంగారు క్లాసులో చెప్పేవారు. పాలు వస్తాయని, నెల ఆగుతుందని. నీ డాక్టరుకి చూపించు. నేను డాక్టరుని కాను' అని రాసి ఉంది.

చాలాసేపు చదివాను. ఆ సూదిమందు ఎన్ని మిల్లీలీటర్లో ఏడాదిగా రాస్తున్నదాన్ని నేను. జువాలజీ చదివినదాన్ని నేను. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు తప్ప లోపలేముందో ఒక్కసారీ చూడలేదు. అట్ట మీదా అంతే.

మర్నాడు ఒక్కదాన్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి రెండూ బల్ల మీద పెట్టాను. ఆవిడ అట్ట తిప్పి చూసి, నా వైపు చూసి, మందులేమీ వాడట్లేదన్నావు కదమ్మా అంది. తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మనిషి మెదడులో పాల హార్మోనుని అదుపులో ఉంచేది డోపమీనే. కడుపు కోసం వేసుకున్న మాత్ర ఆ డోపమీన్‌ని పనిచేయనివ్వలేదు. పాల హార్మోను పెరిగిపోయింది. అది పెరిగితే, నెలనెలా ఆజ్ఞ పంపాల్సిన ఆ పై కణాలని నిద్రపుచ్చుతుంది, పాలిచ్చే తల్లికి జరిగినట్టే. "నువ్వు బాలింతవని నీ మెదడుకి ఎవరో తప్పుడు కబురు చెప్పారు," అంది. అయితే కారణం అదేనని అప్పుడే తేల్చలేనంది. మాత్ర ఆ రోజునుంచే ఆపించింది. మూడు వారాలకి మళ్ళీ రక్తపరీక్ష, అప్పటికీ తగ్గకపోతే స్కాన్.

కాబట్టి ఆదివారం నా చేతిలో ఉన్నది రుజువు కాదు, గడువు.

అత్తగారి అన్నయ్య భోజనం చేసి ముందు గదిలో కుర్చీలో కూర్చున్నారు. మా ఆయన కిటికీ దగ్గర, ఆడపడుచు గుమ్మంలో, అత్తగారు కింద గోడకి ఆనుకుని. పెద్దాయన మంచి మనిషి. నన్ను కూర్చోమని, "అమ్మాయ్, ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పేయ్. మేమేం బయటివాళ్ళం కాదు. కోపగించుకోం," అన్నారు.  అట్ట, కాగితం టీపాయ్ మీద పెట్టి, డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. చేపల మందని వినగానే ఆడపడుచు చిన్నగా నవ్వింది. పెద్దాయన అట్ట చేతిలోకి తీసుకుని, అందరూ వేసుకునే గ్యాస్ మాత్రకి పాలెలా వస్తాయమ్మా అన్నారు. అందరికీ రావు, కొందరికి వస్తాయని చెప్పాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

"మూడు వారాలు ఆగండి. తర్వాత మీరేమంటే అది," అన్నాను.

 అత్తగారు కొంగుతో నేల మీద లేని దుమ్ము తుడుస్తున్నారు. కిటికీ దగ్గరనుంచి మా ఆయన, "మూడు వారాలేగా మావయ్యా. ఆగుదాం," అన్నారు. అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. అయినా అన్నారు.

ఆ మూడు వారాలు ఇంట్లో అందరూ నాతో చాలా మర్యాదగా ఉన్నారు. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు. పదో రోజుకి పాలు తగ్గాయి. రక్తపరీక్ష మామూలుగా వచ్చింది. స్కాన్ అక్కర్లేదన్నారు. మరో రెండు వారాలకి, పామర్రు వెళ్ళే బస్సులో, పొత్తికడుపులో నొప్పి మొదలైంది. దిగి ఇంటికి తిరిగి వచ్చాను. అత్తగారు నా మొహం చూసి విషయం గ్రహించి, వేడినీళ్ళు పెట్టారు. ఆడపడుచు ఆ తర్వాత నెలరోజులు మా ఇంటికి రాలేదు.

ఓనరుగారికి నిజం చెప్పాను, చెప్పగలిగినంత. ఆయన తల పట్టుకున్నారు. ఆయనే చాలాసార్లు ఫోన్ చేశారు. అవతల ఎత్తలేదు. నువ్వు వెళ్ళి పిలువమ్మా, వస్తాడేమో అన్నారు. వెళతానన్నాను. వెళ్ళలేదు. ఇవాళ, రేపు అనుకుంటూ రెండు నెలలు గడిపాను. ఫలితం వచ్చాక నాకు ధైర్యం రావాల్సింది, సిగ్గు వచ్చింది.

చివరికి అక్టోబరులో ఒక ఉదయం బయల్దేరాను. పామర్రులో బస్సు మారి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణించి కరకట్ట పక్కనున్న వాళ్ళ ఊరికి ఆటో. దారిలో ఆటో అతన్ని ఆయన ఇల్లు అడిగితే, అద్దంలోంచి ఒకసారి నన్ను చూసి, "మీరు వాళ్ళకేమవుతారండీ?" అన్నాడు. హేచరీ నుంచి అన్నాను. అతను చూపు రోడ్డు మీదకి తిప్పేసుకున్నాడు.

ఆయన వసారాలో కూర్చుని చిరిగిన వల అల్లుతున్నారు. అదే తెల్ల చొక్కా. బాగా చిక్కిపోయారు. నన్ను చూసి లేవలేదు. అల్లిక కర్ర ఆపి, చూపు వల మీదే ఉంచి, "వచ్చిందా?" అని అడిగారు.

"వచ్చింది బాబాయిగారూ."

"పాలు?"

"ఆగిపోయాయి."

ఆయన కళ్ళు మూసుకున్నారు. కొంతసేపటికి తెరిచి, కూర్చోమని చేత్తో చాప చూపించారు.

క్షమించమని అడగడానికి దారంతా మాటలు కూడబలుక్కున్నాను. రెండు మాటలు కూడా పూర్తికాలేదు, ఆయన చేయెత్తి ఆపారు. నేను ఓనరుగారి దగ్గరికి వెళ్ళడం తప్పు కాదన్నారు. ఏ ఆడపిల్లయినా అదే చేస్తుందట. తను పదిమందిలో అలా అడగడం తప్పట. అట్ట మీద ఆ పేరు చూడగానే చుట్టూ మనుషులున్నారన్న సంగతే తోచలేదట. "కానీ నేను ఊరుకున్నానని బాధ లేదనుకోకు. తల దించుకుని వచ్చాను. ఆ దించిన తల మళ్ళీ లేవట్లేదమ్మా," అన్నారు. ఆ మాటలో నన్ను ఓదార్చే ప్రయత్నం ఏమీ లేదు.

ఆ రోజు ఓనరుగారి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెబితే నీ సంగతి ఆయనకి తెలిసేది. తెలిసే హక్కు ఆయనకి లేదుగా," అన్నారు. మళ్ళీ రమ్మని ఓనరుగారు చెప్పమన్నారన్నాను. వల ముడి బిగిస్తూ, రానన్నారు. 

అప్పుడు ఆయన భార్య వచ్చారు. పొడగరి మనిషి, తెల్లచీర. నాకు గ్లాసుతో మంచినీళ్ళిచ్చారు. ఆయన టీ గ్లాసుని మాత్రం వసారా గోడ మీద, ఆయన చేయి అందనంత దూరంలో పెట్టి, ఆయన వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు. ఆయన లేచి వెళ్ళి తెచ్చుకున్నారు. అలవాటైపోయిన నడక అది.

నాకు ఏదో తట్టింది. అమ్మగారికి చెప్పలేదా అని అడిగాను.

"ఏమని చెప్పను? నీ కడుపు సంగతి కదా," అన్నారు. చర్చిలో ఆదివారం వాక్యం చదివేది ఆయనే. ఊళ్ళోకి ఏదో మాట వచ్చిందని, కొన్నాళ్ళు వేరేవాళ్ళు చదువుతారని సంఘపెద్దలు అన్నారట. అది కూడా నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పారు.

లేచి లోపలికి వెళ్ళాను. ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని గోంగూర ఆకు గిల్లుతున్నారు. నేను ఎదురుగా కింద కూర్చుని, ఆ అమ్మాయిని నేనే అన్నాను. ఆవిడ చేతులు ఆగలేదు. మొదటినుంచీ చెప్పాను. మాత్రలు, ఆగిపోయిన నెల, పాలు, ఆడపడుచు అడిగిన మాట, షెడ్డులో ఆయన అడిగిన రెండు ప్రశ్నలు, రిజిస్టరులో పెట్టిన కాగితం. అప్పటిదాకా మా అమ్మకి కూడా అంత వివరంగా చెప్పలేదు. చెప్పడం అయ్యేసరికి ఆవిడ ఒళ్ళో ఆకు అంతా గిల్లడం అయిపోయింది. ఖాళీ కాడలు చేత్తో పట్టుకుని ఉన్నారు.

"ఆయన అడిగింది అదేనా? ఇంకేమీ అనలేదా?"

"అదేనండి. ఇంకేమీ లేదు."

ఆవిడ కాడలు పక్కన పెట్టారు. "మూడు నెలలయ్యిందమ్మా. ఏం జరిగిందని ఒక్కసారీ అడగలేదు నేను. అడిగితే ఏం చెబుతారోనని భయం," అన్నారు. "పళ్ళెం పెట్టి పక్కకి వెళ్ళిపోతున్నాను. పిలిచి పెట్టలేదు."

చీర కుచ్చిళ్ళలోని ఆకు చేటలోకి దులిపి, గోడ పట్టుకుని లేచారు. చేతులు కడుక్కున్నారు. తుడుచుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి, తలుపు రెక్క మీద చేయి వేసి నిలబడ్డారు. ఆయన వీపు ఇటే ఉంది, వల మీదకి వంగి ఉన్నారు.

"ఏవండీ, భోజనానికి రండి," అన్నారు ఆవిడ.

ఆయన కదల్లేదు. అల్లిక కర్ర ఆగింది, అంతే. వినపడలేదేమో అనుకున్నాను. కాదు. తనని పిలిచారని ఆయనకి తోచలేదు.

ఆవిడ గడప దాటి ఇంకో అడుగు వేశారు.

"మిమ్మల్నేనండీ," అన్నారు.